గొడుగు సినిమా

మా తోడికోడలు అదృష్టవంతురాలని అందరూ అంటారు. నేనూ అంటాను. అనకపోతే నాకు కన్ను కుట్టిందని తెలిసిపోతుంది కదా.

మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక పెద్ద సరుకుల దుకాణం ఉంది. అందులో సబ్బుల వరసకీ చీపుళ్ళ వరసకీ మధ్య నడుము లోతు ఇనప తొట్టి ఒకటి ఉంటుంది. ఎవరికీ అక్కర్లేని సినిమా డీవీడీలు తెచ్చి అందులో పోస్తారు. పోస్తారనే అనాలి, పేర్చరు. ఈ రోజుల్లో డీవీడీలు ఎవరు కొంటారని మా ఆయన అడుగుతుంటారు. నేను కొంటాను. ఏడేళ్ళుగా కొంటున్నాను. ఆ తొట్టిలోకి మోచేతులదాకా దిగితే నాకు కాలేజీ రోజుల్లో లైబ్రరీ అటక మీద పుస్తకాలు తవ్విన సుఖం ఉంటుంది. ధూళి కూడా ఇంచుమించు అదే.

తొట్టికి ఒక రాజ్యాంగం ఉంది. ప్రతి బుధవారం పొద్దున, దుకాణం తెరవగానే, స్టిక్కర్లావిడ చేతిలో తుపాకీలాంటి యంత్రంతో వస్తుంది. వచ్చి నెల దాటినవాటికి పసుపు స్టిక్కరు కొడుతుంది, అంటే సగం ధర. పసుపు పడి నెల దాటితే ఎరుపు. ఎరుపంటే దాదాపు ఊరికే ఇచ్చినట్టు. వ్యాయామం డీవీడీలు మాత్రం ఎన్నాళ్ళున్నా పసుపు దగ్గరే ఆగిపోతాయి. ఎందుకని ఒకసారి అడిగాను.

"లావయ్యామని బెంగపడ్డవాళ్ళు ధర చూడరమ్మా," అంది స్టిక్కర్లావిడ.

పసుపుకి కొనేవాళ్ళు మామూలు జనం. ఎరుపుకి కొనేవాళ్ళే వేటగాళ్ళు. నేను వేటగత్తెను. మంచి సినిమా పసుపు స్టిక్కరుతో కనబడితే వెంటనే కొనను. తొట్టి అడుగున ఎడమ మూల 'ఇరవై రోజుల్లో సన్నని చేతులు' అనే వ్యాయామం డీవీడీ ఒకటి ఏళ్ళ తరబడి పడి ఉంది. దాని కింద దాచేసి, ఎరుపు పడే బుధవారం పొద్దున్నే వెళ్ళి తీసుకుంటాను. ఆ డీవీడీని ఎవరూ ముట్టుకోరు. ఈ లోకంలో అంతకంటే భద్రమైన లాకరు లేదని నా నమ్మకం.

మూడేళ్ళ కిందట మా మరిది పెళ్ళి చేసుకుని మేడమీద కాపురం పెట్టాడు. మా తోడికోడలు పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్లో పనిచేస్తుంది. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఇప్పుడే ఇస్త్రీ చేసినట్టుంటుంది. వచ్చిన నెలకే నా తొట్టిని కనిపెట్టింది. ఇక అక్కణ్ణుంచి ఎర్ర స్టిక్కరు సినిమాలు మేడమీది నుంచి కిందికి దిగడం మొదలైంది.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం మా హాల్లో అందరం కలిసి ఒక సినిమా చూస్తాం. ఏ సినిమా అన్నది అంతకుముందు నా ఇష్టం. నా మాటే శాసనం. ఇప్పుడు రెండు డబ్బాలు బల్లమీదికి వస్తాయి. మా అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని సినిమా పేరు చూడకుండా స్టిక్కరు చూస్తారు.

"చిన్నది ఎర్రదే తెచ్చింది," అంటారు.

"నాదీ ఎర్రదే అత్తయ్యా."

"అవునవును. నీదీ ఎర్రదే," అంటారు, పిల్లల బొమ్మ చూసి బాగుందన్నట్టు.

ఇదంతా ఓర్చుకునేదాన్నేమో గానీ, గొడుగు సినిమా ఒకటుంది.

మా అత్తగారు ముప్ఫై ఏళ్ళు ఇంట్లోనే బట్టలు కుట్టారు. కళ్ళకు ఆపరేషన్ అయ్యాక మిషనుకు ముసుగేశారు గానీ, మనసుకు వెయ్యలేదు. ప్రతి బుధవారం మూల మీది టైలరు దుకాణానికి వెళ్ళి అతను అడగని సలహాలన్నీ ఇచ్చి వస్తారు. ఆవిడ పెళ్ళికి ముందెప్పుడో ఒక సినిమా చూశారట. పేరు గుర్తులేదు. కథా గుర్తులేదు.

"ఒక కుట్టు దుకాణం ఉంటుంది. వాన కురుస్తూ ఉంటుంది. మరిచిపోయిన గొడుగు ఇవ్వడానికి ఒకతను వస్తాడు. ఆ అమ్మాయి తలుపు దగ్గరికొచ్చి, ఇదిగో, ఇలా చెయ్యెత్తి తలుపు కమ్మీ పట్టుకుని నిలబడుతుంది," అని తన చెయ్యెత్తి చూపించేవారు. "అబ్బ! ఆ ఒక్క ముక్క మళ్ళీ చూడాలని ఎన్నాళ్ళనుంచో. మీరిద్దరూ అంత వెతుకుతారు కదా, ఎవరు తెచ్చిపెడతారో చూస్తాను."

అది విన్నప్పుడల్లా మామగారు లేచి గోడగడియారానికి కీ ఇవ్వడానికి వెళ్ళేవారు. ఆయన జీవితమంతా గడియారాలు బాగుచేసిన మనిషి. ఆ గడియారానికి ఎనిమిది రోజులకొకసారి కీ ఇస్తే చాలు. మరి ప్రతిసారీ ఆ కీ ఏమిటో నాకప్పుడు తట్టలేదు. నా కళ్ళు మా తోడికోడలి మీద ఉన్నాయి. ఆవిడ కళ్ళు నా మీద ఉన్నాయి. ఎవరు తెచ్చిపెడతారో చూస్తానన్న మాట మా ఇద్దరి చెవుల్లోనూ గంటలా మోగుతోంది. ఆ సినిమా అత్తగారి చేతిలో నేనే పెట్టాలి. నేను పెట్టలేకపోయినా పర్వాలేదు గానీ, ఆవిడ మాత్రం పెట్టకూడదు.

*

కిందటి నెలలో ఒక శుక్రవారం అది దొరికింది. తొట్టి అడుగున, ఎడమ మూల దరిదాపుల్లోనే. డబ్బా వెనక నాలుగు బొమ్మలున్నాయి. మూడో బొమ్మలో వాన, కుట్టు దుకాణం తలుపు, చెయ్యెత్తి నిలబడ్డ అమ్మాయి, ముడిచిన గొడుగుతో ఒక మనిషి. గొడుగు సినిమా ఇదే.

పసుపు స్టిక్కరు. తేదీ చూశాను. వచ్చే బుధవారానికి నెల నిండుతుంది.

అక్కడే కొనెయ్యాల్సింది. ఇప్పుడు మీరంటున్నట్టే నేనూ వెయ్యిసార్లు అనుకున్నాను. కానీ పసుపు స్టిక్కరుతో తీసుకెళ్ళి పెడితే మా తోడికోడలు ఆ స్టిక్కరు వైపు ఒక్క చూపు చూసి, "పోన్లే అక్కా, అత్తయ్య కోసం కదా, ఎంతైతేనేం," అంటుంది. ఆ జాలి నేను భరించలేను. గెలిస్తే ఎరుపుతోనే గెలవాలి. 'సన్నని చేతులు' కింద దాచేసి ఇంటికొచ్చాను.

వచ్చాక కడుపులో ఆగలేదు. ఎవరికో ఒకరికి చెప్పాలి. మా ఆయనకు చెబితే తమ్ముడికి చెబుతారు, తమ్ముడు మేడెక్కుతాడు. ఇంట్లో నోరు విప్పని మనిషి మామగారొక్కరే. ఆయనకు చెప్పడమూ గోడకు చెప్పడమూ ఒకటే అనుకున్నాను.

"మామయ్యగారూ, గొడుగు సినిమా దొరికింది. ఎవరికీ చెప్పకండి. వ్యాయామం డీవీడీ కింద దాచాను. బుధవారం తెస్తాను."

ఆయన చేతిలోని గడియారాన్ని భూతద్దంలోంచి చూస్తూ, "ఓహో," అన్నారు. అంతే. గోడలకు చెవులుంటాయని ఊరికే అనలేదు.

*

బుధవారం దుకాణం తలుపులు తెరుచుకునేసరికి నేను గుమ్మంలో ఉన్నాను. పరిగెత్తినట్టు కనబడకుండా పరిగెత్తి తొట్టి దగ్గరికి వెళ్ళేసరికి, చీపుళ్ళ వైపు నుంచి మా తోడికోడలు వచ్చింది.

"అక్కా! నువ్వేంటి ఇంత పొద్దున్నే?"

"సబ్బులయిపోయాయి. నువ్వో? పళ్ళ డాక్టరు ఊరుకుంటాడా?"

"చీపురు కావాలి."

"మీ ఇంట్లో కొత్త చీపురు మొన్ననే చూశాను."

"మీ ఇంట్లో సబ్బులు నేనూ చూశాను. డజను."

ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే ఇద్దరం వంగాం. తొట్టి అడుగున ఎడమ మూల 'ఇరవై రోజుల్లో సన్నని చేతులు' మీద నా లావుపాటి చెయ్యీ ఆవిడ సన్నని చెయ్యీ ఒకేసారి పడ్డాయి. దాన్ని ఎత్తాం. కింద ఏమీ లేదు.

"ఏదీ?" అంది.

"ఏది ఏదీ?" అన్నాను.

"నటించకు అక్కా. గొడుగు సినిమా. నేనిక్కడ దాచుకున్నాను."

"నువ్వు దాచుకున్నావా? శుక్రవారం నా ఈ చేత్తో పెట్టాను!"

"నేను దానికి ముందటి బుధవారం పెట్టాను!"

అప్పుడు అర్థమైంది, శుక్రవారం నాకు అంత సులువుగా ఎందుకు దొరికిందో. అర్థమైనవాళ్ళం అక్కడితో ఆగొచ్చు కదా. ఆగలేదు.

"మరి ఆ రైలు సినిమా? కిందటి వేసవిలో నువ్వు తెచ్చింది?" అన్నాను.

"అడుగున దొరికింది."

"నేను దాచింది!"

"అయితే నువ్వు తెచ్చిన కవలపిల్లల సినిమా? మంచుకొండ సినిమా?"

అవి కూడా అడుగునే దొరికాయి. మూడేళ్ళుగా ఆవిడ అదృష్టం చూసి కుళ్ళిపోయాను. ఆ అదృష్టమంతా నేను దాచినదే. నా చాకచక్యమంతా ఆవిడ దాచినది. ఒకరి జేబులో ఒకరం చెయ్యిపెట్టి ఇద్దరం కోటీశ్వరులమయ్యామని మురుస్తున్నాం.

"సరే, అదంతా పోనీ," అంది మా తోడికోడలు, కళ్ళు చిన్నవి చేసుకుని. "ఈ సినిమా మాత్రం నువ్వే కొనేశావు. ఎర్రది దొరకదేమోనని భయపడి పసుపుకే కొనేసి, ఇప్పుడు నా ముందు నాటకమాడుతున్నావు. ఆదివారం తెలుస్తుందిగా, అత్తయ్య చేతిలో ఎవరు పెడతారో!"

"ఒట్టు! నేను కొనలేదు!"

వినకుండా వెళ్ళిపోయింది. చీపురు కూడా కొనలేదు.

స్టిక్కర్లావిడ తుపాకీ దించి నా వైపు చూసింది. "మీ ఇద్దరి దాగుడుమూతలూ మూడేళ్ళుగా చూస్తున్నానమ్మా. ఒక్కోసారి ఆవిడ అటు వెళ్ళగానే మీరు ఇటు వచ్చేవారు. నాకు మంచి కాలక్షేపం."

"ఆ డబ్బా ఎవరు కొన్నారు?"

"నిన్న సాయంత్రం ఒక పెద్దాయన. తిన్నగా వచ్చి ఆ మూలలో చెయ్యి పెట్టి తీశారు. రేపటిదాకా ఆగితే ఎరుపు పడుతుందండీ అన్నాను. అక్కర్లేదన్నారు. వెళ్తూ వెళ్తూ మా దుకాణం గడియారం రెండు నిమిషాలు వెనకుందని చెప్పి మరీ వెళ్ళారు."

ఇంక ఆనవాళ్ళు అడగాల్సిన పని లేకపోయింది.

*

ఇంటికొచ్చేసరికి హాలు ఎందుకో బోసిగా అనిపించింది. నిమిషం నిలబడ్డాక తెలిసింది. గోడగడియారం ఆగిపోయింది. నేనీ ఇంట్లో అడుగుపెట్టిన పదకొండేళ్ళలో అది ఆగడం చూడలేదు.

"గడియారం ఆగిందేంటి మామయ్యగారూ?"

"పాతదైపోయిందమ్మాయ్."

"నిన్నటిదాకా కొత్తదేనా?"

నేను కుర్చీ వేసుకుని ఎక్కి గడియారం అద్దం తలుపు తీశాను. లోలకం ఊగే చోట, దాన్ని ఊగనివ్వకుండా అడ్డంగా నిలబెట్టి ఉంది డబ్బా. చెయ్యెత్తిన అమ్మాయి అందులోంచి నన్ను చూస్తోంది.

మామగారు భూతద్దం తీసి బల్లమీద పెట్టారు. "వాడి మొహం ఒకసారి చూద్దామని," అన్నారు.

"ఎవరి మొహం?"

"ఆ గొడుగువాడిది. పెళ్ళైన నాటినుంచీ వింటున్నాను. వాన పడితే వాడు. గొడుగు కొంటే వాడు. ఒకసారి నేనూ బస్టాపు దాకా తడుస్తూ పరిగెత్తి మీ అత్తయ్యకు గొడుగిచ్చి వచ్చాను. దాని సంగతి ఎప్పుడైనా చెప్పిందా నీకు?"

"లేదండీ."

"చూశావా మరి."

ఆయన మొహం చూస్తే నాకు నవ్వు రాలేదు. ఆ మొహం నేనెరుగుదును. ప్రతి ఆదివారం టీవీ వెలిగేముందు, నల్లటి తెరలో నాది అదే మొహం.

అత్తగారు టైలరును దిద్దడానికి వెళ్ళారు కాబట్టి ఇంట్లో మేమిద్దరమే. డీవీడీ వేశాను. మామగారు కుర్చీ అంచు మీద కూచున్నారు, డాక్టరు పిలుపు కోసం ఎదురుచూసే రోగిలాగా. నలభై ఏడో నిమిషంలో వాన మొదలైంది. ఒకతను వచ్చాడు. టోపీ కళ్ళమీదికి ఉంది. గొడుగిచ్చాడు. ఆ అమ్మాయి చెయ్యెత్తి తలుపు పట్టుకుంది. అతను పోయాడు. సినిమా అయిపోయేదాకా మళ్ళీ రాలేదు. హీరో ఇంకెవరో.

"ఇంతేనా?" అన్నారు మామగారు.

"ఇంతేనండీ."

"నలభై మూడేళ్ళు. గొడుగు దులపడం కూడా రాదు వెధవకి," అన్నారు. తర్వాత డబ్బా నా ఒళ్ళో పెట్టారు. "నువ్వే ఇవ్వమ్మాయ్. నువ్వు వెతికావు. నేను దొంగిలించాను."

కోరుకున్నది ఒళ్ళోకి వచ్చింది. ఇచ్చేసి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ డబ్బా మీద పసుపు స్టిక్కరు మెరుస్తోంది. ఆదివారం నేను దాన్ని అత్తగారి చేతిలో పెట్టిన క్షణాన మేడమీది మహాతల్లి చేతులు కట్టుకుని, "చెప్పానా?" అంటుంది. పసుపుకి కొన్నదాన్నీ అవుతాను, అబద్ధాలకోరునీ అవుతాను. మామగారు కొన్నారని చెబితే ఎందుకు కొన్నారో చెప్పాలి. అది ఆ పెద్దాయన్ని నడివీధిలో నిలబెట్టడమే. ఎటు తిరిగినా నాకు దక్కదు. ఇక మిగిలింది, ఆ 'చెప్పానా?' ఆవిడకూ దక్కకుండా చూసుకోవడం. నా గొప్పతనమేమీ లేదు ఇందులో. చేదు మాత్ర నేను మింగుతున్నప్పుడు పక్కవాళ్ళకూ ఒకటి ఇచ్చానన్న తృప్తి, అంతే.

"మీరే ఇవ్వండి మామయ్యగారూ."

"నేనా? ఇచ్చి వాడి పక్కన కూచోవాలా?"

"మీరిస్తే ఇక అది వాడి సినిమా కాదు. అత్తయ్య ఎప్పుడు ఎవరికి చెప్పినా 'మా ఆయన వెతికి తెచ్చిన సినిమా' అనే చెప్పాలి."

ఆయన చాలాసేపు ఆలోచించారు, ఏ పళ్ళచక్రం అరిగిందో చూస్తున్నట్టు. తర్వాత లేచి వెళ్ళి లోలకాన్ని వేలితో ఒక్కసారి కదిపారు. గడియారం నడిచింది.

*

ఆదివారం అందరం కూచున్నాం. మా తోడికోడలు బల్ల మీద ఏమీ పెట్టలేదు. నేనూ పెట్టలేదు. ఆవిడ నా చేతుల వైపు చూస్తోంది, నేను ఆవిడ మొహం వైపు చూస్తున్నాను. ఇంతలో మామగారు గొంతు సవరించుకున్నారు.

"ఏవోయ్. ఇదేనేమో చూడు."

అత్తగారు డబ్బా తిప్పి వెనక బొమ్మలు చూశారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. "మీరు తెచ్చారా? మీరా? తొట్టి దగ్గరికి వెళ్ళారా?"

"ఆఁ. ఏముంది, వెళ్ళాను."

మా తోడికోడలి నోరు తెరుచుకుంది. నా వైపు వంగి, "మామయ్యగారికి ఎవరు చెప్పారు?" అంది.

"గోడకు చెప్పాను," అన్నాను.

సినిమా మొదలైంది. వాన వచ్చింది. టోపీవాడు గొడుగిచ్చాడు. మామగారు చూపు తిప్పుకుని అత్తగారి మొహమే చూస్తున్నారు. అమ్మాయి చెయ్యెత్తి తలుపు కమ్మీ పట్టుకుంది.

"ఆపు! ఆపరా!" అని అరిచారు అత్తగారు. మా ఆయన ఉలిక్కిపడి ఆపేశారు. అత్తగారు లేచి టీవీకి జానెడు దూరంలో నిలబడ్డారు. అమ్మాయి చంక మీద వేలు పెట్టారు. "ఇదిగో! చూశారా? నాకు తెలుసు! చంక కింద డైమండు ఆకారంలో విడి ముక్క వేసి అతికారు. అందుకే చెయ్యి అంతెత్తు లేపినా నడుము దగ్గర బ్లౌజు వేలెడు కూడా పైకి లేవలేదు! ఎన్ని బ్లౌజులు పాడుచేశానో దీనికోసం. నేను ముక్కను పొడుగ్గా వేసేదాన్ని. పొడుగ్గా కాదు, ఏటవాలుగా వెయ్యాలి!"

"మరి ఆ గొడుగతను?" అన్నారు మామగారు.

"ఎవరూ? ఓ, వీడా!" అత్తగారు విసుక్కున్నారు. "వీడు పక్కకు తప్పుకుంటే ఎంత బాగుండేది! సగం చెయ్యి వీడే కప్పేశాడు. అప్పుడు సినిమా హాల్లో కూడా ఇంతే. లేచి తొయ్యాలనిపించింది."

మామగారు లేచారు. గడియారం దగ్గరికి వెళ్ళారు. కీ ఇవ్వలేదు. అద్దాన్ని తువ్వాలుతో తుడిచారు, రెండుసార్లు. ఈలలాంటిదేదో వినిపించింది. మా మరిది కుక్కర్ అనుకుని వంటింటి వైపు చూశాడు.

నాకూ సంతోషమే వేసింది, ఒప్పుకుంటాను. సుమారు పది నిమిషాలు. ఆ తర్వాత అత్తగారు మిషను మీద ముసుగు తీశారు. పెట్టె అడుగు నుంచి దాచుకున్న నీలం గుడ్డ ముక్క తీశారు. ఒక్క బ్లౌజుకు సరిపోతుంది. మెడలో టేపు వేసుకుని మా ఇద్దరి వైపు చూశారు. నేను కొంచెం ముందుకు జరిగాను. ఇంటికి పెద్దకోడల్ని.

"చిన్నదానా, ఇలా రా. ఏదీ, చెయ్యెత్తు. అచ్చం ఆ అమ్మాయి చేతులే నీవి. ముందు నీకు కుడతాను."

"మరి అక్కకో అత్తయ్యా?" అంది మా తోడికోడలు. చెయ్యెత్తే ఉంచింది. ఎంతో దయగా అడిగింది.

"పెద్దదానికి ముక్క కాస్త పెద్దది పడుతుందే. ముందు నీ దాని మీద నా చెయ్యి తిరగనీ."

*

సోమవారం పొద్దున ఇంట్లో సబ్బులున్నా దుకాణానికి వెళ్ళాను. తొట్టి దగ్గర ఎవరూ లేరు. వంగి, అడుగున ఎడమ మూల నుంచి 'ఇరవై రోజుల్లో సన్నని చేతులు' బయటికి లాగాను. ఏడేళ్ళుగా నా సినిమాలకు కాపలా కాసిన మనిషిని మొదటిసారి వెలుతురులో చూశాను. రెండు చేతులూ పైకెత్తి నవ్వుతోంది. బనియను ఎక్కడా పైకి లేవలేదు.

స్టిక్కర్లావిడ సబ్బులు సర్దుతూ నన్ను చూసింది. చూసి, మళ్ళీ సబ్బుల వైపు తిరిగింది.

నేను ధర చూడలేదు.